సీసాలో నది

"తాగి చూపించమనండి అధ్యక్షా! మంత్రిగారిని ఈ నీళ్ళు తాగి చూపించమనండి!"

ప్రతిపక్ష సభ్యుడు సీసాను తలమీదికెత్తి ఊపాడు. లోపల నీళ్ళు గోధుమరంగులో కదిలాయి. అటువైపు బల్లలన్నీ ఒక్కసారిగా దడదడలాడాయి.

పర్యావరణ మంత్రి కళ్ళజోడు తీసి కనురెప్పలు నొక్కుకున్నాడు. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాడు. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. చెప్పిందే చెప్పి చెప్పి నోరు పిడచకట్టుకుపోయింది.

"మూడేళ్ళుగా ప్రజల సొమ్ము ఆ నదిలో పోస్తున్నారు," సీసా ఇంకా ఊగుతూనే ఉంది. "పోసిన సొమ్ము కనబడదు, మురుగు మాత్రం కనబడుతోంది!"

"అధ్యక్షా, ఇప్పటికి బాగుపడింది ఎగువ భాగమే. దిగువన మూడు పెద్ద కాలువల మురుగు ఇంకా నేరుగా నదిలోనే కలుస్తోంది. అక్కడ శుద్ధి కేంద్రం కట్టడానికే ఈ రెండో విడత నిధులు అడుగుతున్నాం."

"ముందు తాగండి! తర్వాత అడగండి!"

"తాగండి! తాగండి!" అంటూ వెనక వరసలు అందుకున్నాయి.

మంత్రి సీసా వంక చూశాడు. తర్వాత దాన్ని పట్టుకున్న మనిషి వంక చూశాడు. పరాయివాడేం కాదు, స్వయానా తోడల్లుడు. సభలో ఇద్దరూ ఉప్పూ నిప్పూ, ఇంటికెళితే ఒకే కంచం ఒకే మంచం. పైగా ఆ దిగువ కాలువల ఒడ్డున ఉన్న ఊరు అతని నియోజకవర్గంలోదే. వానలు మొదలైతే చాలు, అక్కడి పిల్లలకి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. పోయినేడు ఇద్దరు పోయారు కూడా. శుద్ధి కేంద్రం వస్తే ముందుగా బాగుపడేది అతని ఓటర్లే. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ప్రతిపక్షం అన్నాక ఏదో ఒకటి ఊపాలి మరి.

తాగనంటే ఖర్చంతా నీళ్ళపాలని ఒప్పుకున్నట్టు. తాగితే తను ఆసుపత్రి పాలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ రెంటి మధ్య ఇంకాసేపు నిలబడే ఓపిక ఆయనకి లేదు.

"ఇటు తీసుకురండి," అన్నాడు.

సభ చప్పున చల్లబడింది. తోడల్లుడే నడిచివచ్చి సీసా చేతికిచ్చాడు. ఇస్తూ, ఎవరికీ వినబడకుండా, "తాగెయ్ అన్నయ్యా, ఏం కాదులే," అని గొణిగాడు.

మంత్రి కళ్ళు మూసుకుని చివరి చుక్క దాకా గటగటా తాగేశాడు.

టీ నీళ్ళు! కాచి వడగట్టిన నీళ్ళలో నాలుగు చుక్కల డికాషన్. ఇది మరదలి పనే అయ్యుంటుంది. అక్క మొగుడి కడుపులో మురుగు పోస్తే తమరికి ఇంట్లో అన్నం పుట్టదని మొగుణ్ణి గట్టిగానే హెచ్చరించి ఉంటుంది. మంత్రికి నవ్వొచ్చింది. ఆ వెనకే కోపమూ వచ్చింది. పొద్దుటినుంచీ తను గొంతు చించుకున్నది ఈ టీ నీళ్ళ కోసమా!

"ఇవి నది నీళ్ళు కావు" అనబోయాడు. ఈలోగా చప్పట్లు మొదలయ్యాయి. సొంత పార్టీవాళ్ళు లేచి నిలబడి మరీ కొడుతున్నారు. మంత్రి అయ్యాక తనకోసం ఎవరూ లేచి నిలబడిన పాపాన పోలేదు. ఆ చప్పుడు నొప్పులున్న చోట కాపడం పెట్టినట్టు హాయిగా ఉంది.

"ఎలా ఉన్నాయండీ?" సభాపతి కూడా ముందుకి వంగి అడిగాడు.

"నది నీళ్ళే అధ్యక్షా," అన్నాడు మంత్రి. "భేషుగ్గా ఉన్నాయి."

అన్నాక సిగ్గేసింది. కానీ ఇక కూర్చోవచ్చు కదా అనిపించింది. కూర్చున్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి ఆర్థికమంత్రి లేచాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. అటువంటివాడి మొహం ఆ పూట వెలిగిపోతోంది.

"చాలా సంతోషం అధ్యక్షా! నది శుభ్రపడిందని ప్రతిపక్షం తెచ్చిన నీళ్ళతోనే మా మంత్రిగారు నిరూపించారు. రోగం తగ్గాక ఇక మందెందుకు? రెండో విడత నిధుల ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాం."

ఈసారి రెండువైపులా బల్లలు చరిచారు. ఖర్చు తగ్గిందంటే ఎవరికి చేదు? చరచనివాళ్ళు ఇద్దరే.

తోడల్లుడు లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అధ్యక్షా, ఆ నీళ్ళు..." అని అక్కడే ఆగిపోయాడు. అబద్ధపు సీసాతో సభని మోసం చేశానంటే పదవి ఊడుతుంది. అనకపోతే వచ్చే వానలకి ఊళ్ళో మళ్ళీ పాడెలు లేస్తాయి. అతను దిక్కుతోచక మంత్రి వంక చూశాడు.

మంత్రికి ఒళ్ళంతా అలసట కమ్ముకొచ్చింది. ఇప్పుడు నోరు మూసుకుంటే కుర్చీ ఉంటుంది, చప్పట్లూ మిగులుతాయి. ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. అంతలో ఆ ఊరు గుర్తొచ్చింది. పోయినేడు అక్కడికి పరామర్శకి వెళ్ళినప్పుడు, బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లి ఆయన్ని తిట్టలేదు, ఏడవలేదు. తాగమని గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగలేక గ్లాసు పక్కన పెట్టేశాడు.

బల్ల అంచు పట్టుకుని మళ్ళీ లేచాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. మెల్లగా నడిచి వెళ్ళి ఖాళీ సీసాని తోడల్లుడి ముందు పెట్టాడు.

"తమ్ముడూ," అన్నాడు, సభంతా వినబడేలా. "ఈసారి నిజంగానే నదికి వెళ్ళి ముంచుకురా. తాగుతాను."