రోజంతా చూస్తూ కూర్చున్న ఆవిడ

చెల్లీ, నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మరిదిగారి దగ్గు ఎలా ఉంది? పిల్లలు వేళకు తింటున్నారా?

నేను బట్టలు కుట్టే కొట్టుకు కోడలు వెబ్‌సైట్ తెరిచింది కదా, ఇప్పుడు దానికి ప్లగిన్ అని ఒకటి తగిలించింది. ఎవరు చూస్తున్నారో చెప్పడం, అడిగినవాళ్ళకు జవాబివ్వడం, దర్జీని ఇంటికి పంపే రోజు ఖాయం చేయడం, అన్నీ అదేనట.

అప్పటి నుంచీ నాకు మనశ్శాంతి లేదు. కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా మిషను పక్కనున్న కంప్యూటర్‌లో "ఒకరు చూస్తున్నారు" అని కనిపిస్తూనే ఉంది. ఏమీ కొనరు, పోనూ పోరు. ఒంట్లో బాగాలేదేమోనని భయం వేసి, కోడలు లేనప్పుడు అందులోనే రాశాను: "అమ్మా, కులాసానా? తోడెవరూ లేరా?"

వెంటనే ప్లగిన్ జవాబిచ్చింది: "మీ ఇబ్బంది అర్థమైంది. గురువారం ఉదయం పదింటికి మా దర్జీ మీ ఇంటికి వస్తారు."

కోడలు చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "ఆ ఒక్కరూ మీరే అత్తయ్యా. అది మన కంప్యూటర్‌నే లెక్కేస్తోంది. రావలసిన దర్జీ కూడా మీరేగా. రద్దు చేసెయ్యనా?"

"వద్దులేవే. వస్తామని చెప్పి రాకపోతే పాపం ఆవిడ దిగులు పెట్టుకుంటుంది" అన్నాను.

ఒక్కదాన్నే వెళ్ళి నన్ను నేను పలకరించాలంటే గుండెదడగా ఉంది. గురువారం ఉదయం పదింటికి నువ్వు కూడా రా.