రక్తానికి గుర్తు లేదు

పాప చొక్కా మార్చబోతుంటే వీపు మీద మూడు నీటి పొక్కులు కనిపించాయి. టీచర్ చేయి అక్కడే ఆగింది. అప్పటికి గంట నుంచీ ఆ పాప ఆమె ఒళ్లోనే ఉంది.

క్రెష్‌లో ఇలాంటివి మామూలే. పిల్లని పక్క గదిలో పడుకోబెట్టి, తల్లికి ఫోన్ చేసి, బొమ్మలన్నీ కడిగితే పని అయిపోతుంది. కానీ టీచర్‌కి ఇప్పుడు నాలుగో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి నాలుగో నెల దాటలేదు. మామూలుగా అయితే భయం వేయాలి. ఆమెకి వేయలేదు. ఉన్న భయమంతా ఆ రెండుసార్లకే ఖర్చయిపోయినట్టుంది.

“నీకు ఆటలమ్మ చిన్నప్పుడే వచ్చేసిందన్నావుగా, ఇంకేం?” అంది ఆయా, బకెట్‌లో మందు నీళ్లు కలుపుతూ.

సాయంత్రం టీచర్ తన తల్లిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.

“చిన్నప్పుడు నీకు చికెన్‌పాక్స్ వచ్చిందా?” అడిగింది డాక్టరమ్మ.

జవాబు అమ్మ చెప్పింది. “మూడేళ్లప్పుడు వచ్చి తగ్గిందండీ. పదకొండు రోజులు. గోక్కోకుండా చేతులకి మేజోళ్లు తొడిగాను. వాళ్ల నాన్న సెలవు పెట్టి పక్కనే కూర్చున్నారు.”

ఆ పాఠం టీచర్‌కి కంఠతా వచ్చు. ఎవరడిగినా అమ్మ అవే మాటలు, అదే వరసలో చెబుతుంది. గొంతు ఒక్కచోట కూడా ఎక్కదు, దిగదు. ఆ జబ్బు తర్వాతే ఊరు మారామంటుంది. ఆ జబ్బుకే పిల్ల గిడసబారిందంటుంది. నిజమే, బడిలో ఆమె అందరికంటే పొట్టి. పాలపళ్లు సైతం తోటివాళ్లకంటే రెండేళ్లు ఆలస్యంగా ఊడాయి.

“అయితే దిగులు లేదు. ఒకసారి వచ్చి తగ్గితే దాన్ని ఎదుర్కొనే శక్తి ఒంట్లో ఉండిపోతుంది. అది బిడ్డనీ కాపాడుతుంది. ఎందుకైనా మంచిది, రక్తం చూద్దాం,” అంది డాక్టరమ్మ.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఆ శక్తి ఆనవాలే లేదు.

“నీకు ఎప్పుడూ వచ్చినట్టు లేదమ్మా. ఇప్పుడు అంటుకుంటే నీకూ ప్రమాదం, బిడ్డకీ ప్రమాదం. ఆ పాపని ఎత్తుకున్న రోజు నుంచి పది రోజుల్లోపు ఇంజెక్షన్ వేయించుకోవాలి.”

“మా అమ్మ అబద్ధం చెప్పదండీ.”

“అబద్ధమని ఎవరన్నారు? నలుగురు పిల్లలున్న ఇంట్లో ఎవరికి ఏం వచ్చిందో తల్లులకి కలగాపులగమైపోతుంది.”

“నేనొక్కదాన్నేనండీ.”

డాక్టరమ్మ రిపోర్టు మళ్లీ చదివింది. ల్యాబ్‌లో పొరపాటేమో, ఇంకోసారి చూద్దామంది.

టీచర్ బాధ ఇంజెక్షన్‌తోనే. పోయిన రెండుసార్లూ ఏదో ఒక ఇంజెక్షన్ వేయించుకున్న వారంలోనే కడుపు పోయింది. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆమె తలకెక్కలేదు. ఈసారి అవసరం లేని మందు ఒక్క చుక్క కూడా ఒంట్లోకి పోనివ్వనని ఒట్టు పెట్టుకుంది.

వేయించుకోనా వద్దా అని భర్తని అడిగింది. అతను సిటీ బస్సు నడుపుతాడు. “నాకేం తెలుసు, మీ అమ్మని అడుగు,” అన్నాడు. ఆ ఇంట్లో ఏ ప్రశ్నకైనా అతని జవాబు అదే.

అమ్మని అడిగితే వంటగదిలోంచే సమాధానం వచ్చింది. “వచ్చి తగ్గిందని చెప్పాగా.”

ఏడో రోజు రెండో రిపోర్టు వచ్చింది. అక్షరం తేడా లేదు. టీచర్ అద్దం ముందు నిలబడి ఒళ్లంతా వెతుక్కుంది. ఒక్క మచ్చ కూడా దొరకలేదు.

“చిన్నపిల్లల ఒళ్లు కదా, కలిసిపోతాయి,” అంది అమ్మ. అని, మడతపెట్టిన బట్టల్నే విప్పి మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

పదో రోజు మళ్లీ అదే గది. నర్సు ట్రేలో ఇంజెక్షన్ సిద్ధం చేసి పెట్టింది. ఇవాళ దాటితే వేసినా పెద్దగా లాభం ఉండదని డాక్టరమ్మ చెప్పేసింది.

“నాకొద్దండీ. మా అమ్మ పదకొండు రోజులు కంటి మీద కునుకు లేకుండా కూర్చుంది. మీ మిషన్ కూర్చుందా?” అంది టీచర్. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

డాక్టరమ్మ ఇంజెక్షన్ వద్దన్నట్టు సంతకం పెట్టమని కాగితం ముందుకు తోసింది. టీచర్ పెన్ను తీసుకుంది.

“ఆగు,” అంది అమ్మ. గోడవారగా కుర్చీలో, ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. “వేయించుకో.”

“ఎందుకమ్మా? వచ్చి తగ్గిందిగా?”

“తగ్గలేదు.”

టీచర్‌కి పది రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. “తగ్గకపోతే నేనిక్కడ ఎలా ఉన్నానే?”

అమ్మ సంచీ మీంచి చూపు ఎత్తలేదు. ఎప్పుడూ ఆ పాఠం అప్పజెప్పే గొంతుతోనే చెప్పింది.

“అది వచ్చింది నీకు కాదు తల్లీ, నిన్ను మా ఇంటికి తెచ్చుకోకముందు నీ పేరుతో మూడేళ్లు బతికిన పిల్లకి.”