అద్దానికి నేర్పిన మాట

ఇంటింటా అద్దాలే రోగాలు చెప్పే రోజులవి. గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసి వచ్చే సాంబ్రాజ్యాన్ని చూసి, అద్దం రోజూ "కళ్ళు ఎర్రబడ్డాయి, డాక్టరుకు చూపించండి" అని పోరు పెట్టేది. విసుగెత్తిన మొగుడు ఏడుకొండలు, "అది మిరప ఘాటు. ఇంకోసారి ఆ ఊసెత్తబాక" అని దానికి నేర్పేశాడు.

వానల్లో ఆమెకు చికున్‌గున్యా వచ్చింది. కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"ఎలుతురు సూడలేకపోతన్నానయ్యా."

"అద్దం ఏవన్లేదుగా, పడుకో."

జ్వరంతోపాటే కంటి లోపల వాపొచ్చిందనీ, తీసుకురావడం ఆలస్యమైందనీ పదిరోజుల తర్వాత డాక్టరమ్మ చెప్పింది. చూపు తిరిగి రాలేదు.

ఇప్పుడు పొద్దున్నే ఆమెకు జడ వేస్తూ ఏడుకొండలు అద్దాన్ని అడుగుతాడు: "ఈమె కళ్ళకేవైందో చెప్పు."

"మీరు చెప్పిందేనండీ, మిరప ఘాటు," అంటుంది అద్దం వినయంగా.