పావుకిలో బెల్లం

ఇన్‌స్పెక్టర్ పాండురంగం చేతికి జేబురుమాలు చుట్టుకుని పెట్టెలోంచి ఇత్తడి తూకపు రాళ్లు తీశాడు. సర్కారు ముద్ర ఉన్న రాళ్లు అవి. చెమట కూడా అంటనివ్వడు.

“కార్డు రాసింది మీరేనా అమ్మా?”

“నేనే సార్,” అంది మనోరమ. “పండుగకు గరిజెలు చేద్దామని ఐదు కిలోల బెల్లం కొన్న. ఇంటికి పోయి తూస్తే పావుకిలో తక్కువొచ్చింది.”

తాండూరు బజారులో కరీముద్దీన్ కిరాణా దుకాణం ముందు అప్పటికే జనం మూగారు. బీఏ చదివిన కొత్త కోడలు వికారాబాద్ తూనికల ఆఫీసుకు కార్డు రాసిందన్న కబురు ఊరంతా తిరిగింది. కిలోలు వచ్చి రెండేళ్లయినా అందరి నోటా ఇంకా సేర్లే. మనోరమకు మాత్రం కొత్త చట్టమంటే మహా ముచ్చట. బెల్లం కొనే తనలాంటి వాళ్ల కోసం ఢిల్లీలో ఎవరో ఆలోచిస్తున్నారని మురిసిపోయేది. కార్డు డబ్బాలో వేసిన రోజు ఆమె నడవలేదు, గంతులేసింది.

ఇప్పుడు కరీముద్దీన్ ముఖం చూడలేక ఆమె చూపు తక్కెడ మీదికి తిప్పుకుంది.

“ఎనిమిది రోజులాయె సాబ్, నా దుకాణంల ఎవరూ కాలు పెడ్తలేరు,” అన్నాడు కరీముద్దీన్. “తప్పుంటే దుకాణం మూస్త.”

“తప్పుంటే మూసేది నువ్వు కాదు, నేను,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఒక పళ్లెంలో ఇత్తడి రాయి, ఇంకో పళ్లెంలో దుకాణం రాయి. ముల్లు నిటారుగా నిలిచింది. పళ్లేలు మార్చి చూశాడు. మళ్లీ అంతే. ఒక్కొక్క రాయీ తూచి చూసి తల ఊపాడు.

“అన్నీ సరిగ్గున్నయి.”

“చదువుకున్న కోడలు గదా, ఇంగ్లీషుల తూసిందేమో,” అన్నారు గుంపులోంచి ఎవరో. అందరూ నవ్వారు.

మనోరమ ముఖం ఎర్రబడింది. “మరి మా ఇంట్ల ఎట్ల తక్కువొచ్చింది సార్?”

“దేంతో తూసిన్రు?”

“ఐదు కిలోల రాయుంది మా ఇంట్ల.”

“తీస్కరండి. చూద్దాం.”

ఇల్లు రెండు వీధుల అవతలే. దసరాకు పసుపు కుంకుమ పెట్టిన ఆ ఇనుప రాయి దేవుడి గూటి కింద ఉంది. సంచిలో వేసుకుంటుంటే అత్త ఇంద్రమ్మ అడ్డొచ్చింది.

“వద్దు బిడ్డా. పూజల పెట్టినదాన్ని గడప దాటియ్యొద్దు.”

“పాపం, గాయన పరేషాన్ల ఉన్నడు అత్తమ్మా. నా కార్డు వల్లనే గదా.”

“పావుకిలో బెల్లానికి గింత లొల్లా? మీ మామ పరిగి నుంచి రానీ. అడిగి తీస్కపో.”

“జరసేపట్ల తెస్త.”

మనోరమ వీధిలోకి దిగి వెనక్కి చూసేసరికి ఇంద్రమ్మ గడపలోనే కూలబడి ఉంది. పెద్దవాళ్ల నమ్మకాలు ఇంతే అనుకుంది.

దుకాణంలో ఇన్‌స్పెక్టర్ ఐదు కిలోల ఇత్తడి రాయికి ఎదురుగా ఇంటి రాయి పెట్టగానే ఆ పళ్లెం దిగిపోయింది. అటువైపు పావుకిలో వేశాక గాని ముల్లు మధ్యకు రాలేదు. ఇన్‌స్పెక్టర్ రాయిని తిరగేశాడు. అడుగున సర్కారు ముద్ర లేదు. సీసం మాత్రం దండిగా పోసి ఉంది.

“బెల్లం తక్కువ కాదమ్మా. మీ రాయే ఎక్కువ.”

మనోరమ చేతులు జోడించింది. “మాఫ్ చెయ్యి చాచా.”

“ఫికర్ చెయ్యకు బేటీ,” అంటూ కరీముద్దీన్ రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. “నలుగురు విన్నరు. గంతే చాలు నాకు.”

ఆమె గుండె మీది బరువు దిగిపోయింది. నవ్వొచ్చింది కూడా.

“ఇంతకూ ఈ రాయి మీ ఇంట్ల దేనికి వాడుతరు?” కాగితం మీద రాసుకుంటూ అడిగాడు ఇన్‌స్పెక్టర్.

మనోరమ నవ్వుతూనే నోరు తెరిచింది. మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. బంట్వారం నుంచి ఉప్పు కోసం వచ్చిన ఇద్దరు ముసలి రైతులు గుంపును తోసుకుని ముందుకొచ్చి, రాయిని గుర్తుపట్టినట్టు వంగి చూస్తున్నారు.

ఆ రాయితోనే మామ రైతుల దగ్గర కందులు కొంటాడు.