నాలుగో పొగగొట్టం

“స్కేలు జరగనియ్యకు, గట్టిగ పట్టుకో,” అన్నాడు మురళీధర్.

జరుగుతున్నది స్కేలు కాదు, పాండురంగ చెయ్యి. బెంచీ మీద జానెడు కూడా లేని కొయ్య పొగగొట్టం నిలబడి ఉంది. కింద గోధుమరంగు, పైన నలుపు. కాగితంలో కొలత సరిగ్గా మూడంగుళాలు. మురళీధర్ స్కేలు మీద మాత్రం అది మూడు పోస్టుకార్డుల మందం ఎక్కువుంది.

“ఏ స్కేలుతోటి జేసినవ్?”

“నాయన స్కేలుతోటి.”

“సచ్చినవ్ పో! అది పోతపని స్కేలు గదనే!”

ఇద్దరూ నాచారం ఫౌండ్రీలో పాట్రన్లు చెక్కేవాళ్లు. ముందు కొయ్యతో వస్తువు చేసి, ఇసుకలో దాని అచ్చు తీసి, అందులో కరిగిన లోహం పోస్తారు. లోహం చల్లారితే ముడుచుకుంటుంది కాబట్టి కొయ్యది కాస్త పెద్దగా ఉండాలి. అందుకే పోతపని స్కేలు మీద అంగుళాలే కాస్త సాగదీసి గీస్తారు. పాండురంగ తండ్రి ఇదే ఫౌండ్రీలో చచ్చేదాకా ఆ స్కేలు తప్ప మరోటి ముట్టలేదు. ‘పెట్టెల రెండు స్కేళ్లుంటే ఎన్నడో ఒకనాడు చెయ్యి తప్పుదాని మీదికి పోతది’ అనేవాడు. పని సంగతుల్లో ఇంట్లో చెప్పింది ఆ ఒక్క ముక్కే. పోయేముందు పనిముట్ల పెట్టె కొడుక్కిచ్చాడు.

కానీ ఈ పొగగొట్టం లోహం పోయడానికి కాదు. కొయ్యగానే ఓడ మీద నిలబడాలి. ఆ ఓడ వర్క్స్ మేనేజర్ అచ్యుతరావుగారిది. మునిగిపోయిన టైటానిక్‌కి కొయ్య నమూనా. విడి ముక్కలుగా లండన్ నుంచి పెట్టెలో వస్తే ఏడాది కూర్చుని ఒక్కొక్కటే అంటించారట. నాలుగు పొగగొట్టాల్లో ఒకదాన్ని పోయిన వారం కోతి ఎత్తుకుపోయింది. ఆయన పాండురంగని పిలిచి లండన్ పెట్టెలో వచ్చిన కొలతల కాగితం చేతిలో పెట్టారు.

“శనివారం ఐదున్నరకి ఇంటికి పట్టుకురా. నీ ఆర్నెల్ల ప్రొబేషన్ కూడా ఆ రోజుతోనే అయిపోతుంది.”

రెండు మాటల మధ్య ఆయన ఊపిరి కూడా తీసుకోలేదు. పాండురంగకి ముందున్నవాణ్ణి వెంట్రుకవాసి తేడాకి ఇంటికి పంపేసిన మనిషి ఆయన.

“జర పైన గీకి మల్ల రంగేద్దామా?” అన్నాడు పాండురంగ.

“ఆరాలంటే తెల్లారాలె. టైమెంతైందో సూడు.”

ఐదు దాటింది.

చిల్కానగర్‌లో మేనేజర్ ఇంటిదాకా సైకిలు ఎలా తొక్కాడో అతనికే తెలియదు. ఇంట్లో భార్య తారామణికి ఎనిమిదో నెల. పర్మనెంట్ అయితే రెండు గదుల ఇంట్లోకి మారదామని, పాపం, సామాను అప్పుడే కట్టి పెట్టుకుంది. పొగగొట్టాన్ని మోరీలో పడేసి, దీన్నీ కోతి ఎత్తుకుపోయిందని చెబుదామా అనుకున్నాడు. కోతిని ఒకసారి నమ్ముతారు గానీ రెండోసారి ఎవరు నమ్ముతారు?

వరండాలో మేనేజర్ భార్య అన్నపూర్ణమ్మ మంచినీళ్లిచ్చింది.

“జాగ్రత్త నాయనా. ఆ ఓడ మీద దుమ్ము కూడా నన్ను తుడవనివ్వరు. పెట్టె సముద్రం మీద వచ్చేసరికే లోపల ముక్కలు సగం నలిగిపోయాయి, దాంతో ఎన్ని తిప్పలు పడ్డారో! ఆ నాలుగోది అసలు ఓడలో పెద్దగా పొగ కూడా వదల్లేదట. దానికోసం ఈయన వారం నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు.”

పాండురంగ గ్లాసు కింద పెట్టి లోపలికి నడిచాడు.

ముందుగదిలో బల్ల మీద ఓడ ఉంది. అచ్యుతరావు పొగగొట్టం తీసుకుని వెలుతురులో తిప్పి చూశారు. ఖాళీ చోట నిలబెట్టారు. సొరుగులోంచి పొడుగాటి ఉక్కు స్కేలు తీశారు. నాలుగింటి మీదా దాన్ని అడ్డంగా పెడతారన్నమాట. ఒకటి పొడుగుంటే స్కేలు ఊగుతుంది, టక్కున చప్పుడవుతుంది. పాండురంగ ఒక అడుగు ముందుకేశాడు.

“సార్, పెట్టకుండ్రి! అది పొడుగున్నది. పోతపని స్కేలుతోటి కొలిచిన. తప్పు నాదే.”

ఆయన చెయ్యి గాల్లో ఆగింది. “మామూలు స్కేలు లేదా నీ దగ్గర?”

“పెట్టెల ఒక్కటే ఉంటది సార్. నాయన అలవాటు.”

అచ్యుతరావు అతని మొహంలోకి చూశారు. స్కేలు నాలుగింటి మీదా పెట్టారు. పాండురంగ కళ్లు మూసుకున్నాడు.

చప్పుడు కాలేదు.

కళ్లు తెరిచి, వంగి చూశాడు. స్కేలు నాలుగింటి మీదా నిశ్చలంగా ఉంది. కింద చీమ దూరే సందు లేదు. అతని భయం తగ్గకపోగా రెట్టింపయింది. తను కొలిచింది అబద్ధమా? మురళీధర్ స్కేలు అబద్ధమా?

అచ్యుతరావు బల్ల మీది కాగితం మీద సంతకం పెట్టి అతని ముందుకు జరిపారు. “సోమవారం నుంచి పర్మనెంట్.”

పాండురంగ కాగితం ముట్టుకోలేదు.

“గిదెట్ల సార్? నాది తప్పు కొలత. లండన్‌వి గూడ గంతే పొడుగెందుకున్నయ్?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మిగతా మూడింటినీ వేలితో మెల్లగా తాకారు.

“ఇవి మీ నాన్న చేసినవి.”