సింహాద్రి కాన్పు

సింహాద్రి గుడ్లు పెట్టాడు.

ఇగ్వానా బల్లుల గురించి మాధవరం అపార్ట్‌మెంటులో అందరికీ పాఠాలు చెప్పే కిరణ్‌కుమార్‌కి, రెండేళ్ళుగా తాను పెంచుతున్న సింహాద్రి ఆడదని ఆ ఉదయమే తెలిసింది. పరువు ఎలాగూ పోయింది, కనీసం గుడ్లయినా దక్కనీ అనుకుని పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు.

"ఏం చేస్తా ఉండారు మాప్పిళ్ళే?" గడప అవతలే ఆగి అల్లుణ్ణి అడిగింది అత్తగారు వరదలక్ష్మి. ఆ రాక్షసబల్లి ఫ్రిజ్ మీద మకాం పెట్టినప్పటి నుంచీ వంటింట్లో కాలు పెట్టనని ఒట్టేసుకున్న మనిషి ఆవిడ.

"గుడ్లు ఉడకబెట్టబోతున్నానండీ. మగతోడు లేకుండా పెట్టినవి, వీటిలోంచి పిల్లలు రావు. బాగా ఉడికిస్తే తినొచ్చట, ఫోన్లో చూశాను."

"తినొచ్చులే. కన్నది చూస్తా ఉందే?"

ఫ్రిజ్ మీద నుంచి సింహాద్రి గిన్నెలోకే చూస్తున్నాడు. కాదు, చూస్తోంది.

"దానికేం తెలుస్తుందండీ!"

"రోజూ దాన్ని 'డాడీ దగ్గరికి రా' అని పిలిచేది ఎవురు?"

"నేనే."

"అట్లయితే మీ చేతిలో ఉండేది మీకేం కావాల?"

కిరణ్‌కుమార్ చేతిలోని గుడ్డు వంక చూశాడు. మెత్తగా, పసిబుగ్గలా ఉంది. మనవణ్ణి పొయ్యి దాకా తెచ్చిన తాత ప్రపంచంలో తానొక్కడే అనిపించింది. గబుక్కున స్టవ్ ఆపేశాడు.

వరదలక్ష్మి నిట్టూర్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, గడప దాటింది. సంచిలోంచి మునగాకు తీసి అతని ముందు పడేసింది.

"ఆకు దూయండి. బాలింతకి పత్యం చూసుకునేదానికి ఈడ అమ్మమ్మని నేనొకదాన్నే కదా."