జత చేసిన ఫోన్లు

"ఈవిడకి ఫోన్ కొనివ్వడం నాదే బుద్ధి తక్కువండి," అంటూ సురేంద్ర రెండు ఫోన్లూ రామచంద్రపురం సెల్ షాపు కౌంటర్ మీద పడేశాడు. "నా ఫోన్లో ఉన్న వాళ్ళ నాన్న ఫొటో బ్లూటూత్‌లో తీసుకోమంటే, ఏదో నొక్కి చెడగొట్టేసింది."

పక్కనే అతని భార్య ఉషారాణి తన ఫోన్ వైపే చూస్తోంది. తండ్రి పోయి పదకొండు రోజులైంది. ఆయన ఆఖరి ఫొటో అదొక్కటే.

షాపు నడిపే లోవలక్ష్మి రెండు ఫోన్లూ చూసింది. "మేడమ్ ఏం చెడగొట్టలేదండి. మేడమ్ ఫోన్లోకి మీ ఫోన్ అడక్కుండా వెళ్ళిపోయేలా పెట్టారు. మేడమ్‌ది వస్తే మాత్రం మీది కోడ్ అడుగుతోంది. అందుకే రెండిటికీ పొసగట్లేదు."

"పెట్టింది మీరే కదండీ?" భర్తని అడిగింది ఉషారాణి.

"ఆఫీసు విషయాలుంటాయి..." సురేంద్ర నసిగాడు. మొహం తిప్పుకుని కోడ్ నొక్కాడు. ఫొటో వచ్చింది.

ఉషారాణికి కోపం రాలేదు. ఇన్నేళ్ళూ తాను భయపడింది ఈ మనిషికా అని రోత పుట్టింది.

"ఆయన ఫోన్‌ని నా దాంట్లోంచి తీసేయమ్మా."

"మళ్ళీ కలపాలంటే మీరిద్దరూ ఒప్పుకోవాలండి మరి."

"తెలిసింది. తీసెయ్."